అయిదో మోడల్ టాబ్, ఆరువందల పన్నెండు గేదెలు

మా శాఖ పేరు చెప్పను. జిల్లా పేరూ చెప్పను. పశువుల బాగోగులు చూసే శాఖ అనీ, అందులో ఇరవై మూడేళ్లుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్న పేరయ్యను నేనేననీ తెలిస్తే చాలు. సమావేశాల్లో ఎవరేం మాట్లాడారో మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని. ఇప్పుడు చెప్పబోయేది చాలా వరకు ఆ పుస్తకంలో ఉన్నదే. కొంత మాత్రం అందులో రాయడానికి వీల్లేక నా దగ్గరే ఉండిపోయింది.

మే నెల మొదటి వారంలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక అట్టపెట్టె, ఒక ఉత్తరం వచ్చాయి. పెట్టెలో రెండు కొత్త టాబ్‌లు ఉన్నాయి. మా వాళ్లు ఊళ్లలో వాడుతున్నవి నాలుగో మోడల్, ఇవి అయిదోవి. ఉత్తరంలో ఉన్నది ఒకటే ప్రశ్న. "నాలుగవ మోడల్ నుండి అయిదవ మోడల్‌కు మారుట ఆవశ్యకమా, కాదా? వారం దినములలో తెలుపగలరు."

అవునని రాసినా ఒక్క కాగితమే, కాదని రాసినా ఒక్క కాగితమే. కానీ మా జిల్లా అధికారి డాక్టర్ నిడుమోలు విశ్వంభరం గారు ఒక్క కాగితంతో సరిపెట్టే మనిషి కాదు. ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పేరయ్యా, అభిప్రాయానికి ముందు అధ్యయనం. అధ్యయనానికి ముందు సంఘం. రాసుకో."

రాసుకున్నాను. అలా 'టాబ్ మార్పిడి ఆవశ్యకతా పరిశీలక సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు విశ్వంభరం గారు. సాంకేతిక సలహాదారు ప్రణీత్ అనే ఇంజనీరు, ఒప్పందం మీద వచ్చినవాడు. క్షేత్రస్థాయి ప్రతినిధిగా ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి, కొత్తపాలెం వైపు అయిదు ఊళ్లు చూసే పశు సహాయకురాలు షేక్ నాగూర్‌బీని పిలిపించారు.

నాగూర్‌బీకి నలభై ఏళ్లుంటాయి. స్కూటీ ముందు టీకామందు ఐసు పెట్టె, భుజానికి టాబ్ సంచీ. వానలు పడకముందే అయిదు ఊళ్లలోనూ ప్రతి గేదెకూ గాలికుంటు రాకుండా టీకా వేయాలి. ఆ రోగం వస్తే గేదె నోరంతా పుళ్లు పడి మేత ముట్టదు, గిట్టలు పగిలి నిలబడలేదు, పాలు ఎండిపోతాయి. ఆ సంగతి తెలిసిన మనిషి కాబట్టి సమావేశంలో కూర్చున్నంతసేపూ కిటికీలోంచి ఆకాశం వైపే చూస్తోంది.

"అమ్మా, అయిదవ మోడల్ విషయమై క్షేత్రస్థాయి ఆకాంక్ష ఏమిటో సభ ముందుంచండి," అన్నారు విశ్వంభరం గారు.

"ఎండలో కనపడాలి సార్. పాతది ఎండలో అద్దం లెక్క నా మొకమే చూపిస్తది. కొత్తది కనపడితే తీసుకుందాం, కనపడకపోతే వద్దు. అంతే సార్."

ఇంత చిన్న మాట మినిట్స్‌లో ఎలా రాయాలో నాకు తోచలేదు. చివరికి 'సౌరకాంతి సమక్షమున దృశ్యమానత' అని రాశాను.

పరీక్ష మర్నాడే జరిగింది. కొత్త టాబ్‌లలో ఒకదాన్ని పెట్టె విప్పకుండా బీరువాలో పెట్టాం. రెండోది పాడైతే కొత్తదనం ఎలా ఉండేదో పోల్చి చూసుకోవడానికి ఒకటి ఉండాలి కదా. రెండోదాన్ని పదకొండు గంటలకు ఆఫీసు ముందు ఎండలో బల్ల వేసి పెట్టాం. ప్రభుత్వ ఆస్తి ఎండకు పాడవుతుందేమోనని విశ్వంభరం గారు దాని మీద గొడుగు పట్టించారు. గొడుగు కింద టాబ్ చక్కగా కనిపించింది. "ఎండలో స్పష్టముగా కనిపించినది" అని రాసుకుని అందరం సంతకాలు చేశాం.

"సార్, గొడుగు తీసి చూద్దాం," అంది నాగూర్‌బీ.

"గొడుగు తీయుట ఈ సంఘం పరిధిలోనికి రాదమ్మా," అన్నారాయన చాలా మర్యాదగా.

తరువాత అసలు అధ్యయనం. నాగూర్‌బీ పాత టాబ్, కొత్త టాబ్ రెండూ మోసుకెళ్లాలి. వేసిన ప్రతి టీకానూ రెండింటిలోనూ నమోదు చేసి, దేనిలో ఎంతసేపు పట్టిందో రాయాలి.

గేదె చెవికి పసుపు పచ్చటి బిళ్ల ఒకటి ఉంటుంది. దాని మీద నంబరుంటుంది. టీకా వేశాక ఆ నంబరు టాబ్‌లో కొడితే లెక్కలోకి ఎక్కుతుంది. నాగూర్‌బీ కొత్తపాలెంలో మొదటి గేదెకు టీకా వేసి పాత టాబ్‌లో కొట్టింది, ఎక్కింది. కొత్త టాబ్‌లో కొట్టింది. "ఈ పశువుకు టీకా ఇదివరకే వేయబడినది" అంది కొత్త టాబ్.

మూడు రోజులు అలాగే అంది. సంఘం మళ్లీ కూర్చుంది.

"సార్, సిస్టమ్ డూప్లికేట్ తీసుకోదు," అన్నాడు ప్రణీత్. "ఒక నంబరుకి ఒకసారే."

"అయితే అయిదవ మోడల్‌కు న్యాయం ఎలా జరుగుతుంది?"

"దానికి వేరే నంబరు ఉంటే తీసుకుంటుంది సార్."

"ఇవ్వండి," అన్నారు విశ్వంభరం గారు. "ప్రతి పశువుకూ రెండవ చెవికి రెండవ బిళ్ల."

ఈ ఉత్తర్వు పట్టుకుని నాగూర్‌బీ మొట్టమొదట చెంచమ్మ కొట్టంలోకి వెళ్లింది. చెంచమ్మది కొత్తపాలెమే. ఒంటరి మనిషి, మూడు గేదెలు, వాటి పాలమీదే బతుకు. రెండో బిళ్ల చూడగానే ఆమె గేదెకీ నాగూర్‌బీకీ మధ్య నిలబడిందట.

"ఏందమ్మే, మా బర్రెకి రెండు చెవులకీ కమ్మలా? పెళ్లిచూపులా ఏంది?"

"ఆఫీసోళ్లు పెట్టమన్నారు పెద్దమ్మా."

"అయితే వాళ్లకే పెట్టు. నా బర్రె చెవి ముట్టుకోమాకు."

నాగూర్‌బీకీ ఒకసారి పొడిచిన చెవికి తోడు ఇంకో చెవి పొడవడం ఇష్టం లేదు. ఆ మాటే ఫోన్లో చెప్పింది. విశ్వంభరం గారు దయగల మనిషి. "రెండవ బిళ్లను పశువునకు గాని, యజమాని కొట్టపు గుంజకు గాని బిగించవచ్చును" అని సవరణ ఇచ్చారు. మొదటి విడత మందు వచ్చిన మూడు ఊళ్లలో ఆరువందల పన్నెండు గేదెలు. కొట్టపు గుంజలకు ఆరువందల పన్నెండు బిళ్లలు వేలాడాయి. నాగూర్‌బీ ఆ నంబర్లన్నీ కొత్త టాబ్‌లో ఎక్కించింది. ఈసారి కొత్త టాబ్ అభ్యంతరం చెప్పలేదు. "కొత్త పశువు నమోదైనది, శుభాకాంక్షలు" అంది ప్రతిసారీ.

టీకా నమోదు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆగింది. మూడు ఊళ్లకు వచ్చిన మందు ఆరువందల పన్నెండు డోసులు. అవి అసలు గేదెల ఒంట్లోకి వెళ్లిపోయాయి. "మందు నిల్వ లేదు" అంది కొత్త టాబ్.

ఆ సంగతి చర్చించడానికి సమావేశం పెట్టుకునేలోపే ప్రధాన కార్యాలయం నుంచి అభినందన పత్రం వచ్చింది. ఒకే నెలలో మూడు గ్రామాలలో పశుసంపద సరిగ్గా రెట్టింపు కావడం రాష్ట్రంలోనే ఎక్కడా జరగలేదట. విశ్వంభరం గారిని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. అక్కడ "ఈ విజయ రహస్యమేమిటి?" అని ఎవరో అడిగితే, "అధ్యయనం" అని జవాబిచ్చారట. అందులో అబద్ధమేమీ లేదు.

ఆయన శాలువాతో దిగిన వారానికే కొత్తపాలెం పాల కేంద్రంలో గొడవ మొదలైంది. ఊళ్లో పశువులకు టీకాలు పడ్డాయో లేదో ఆ కేంద్రం వాళ్లకు మా లెక్కలోంచే తెలుస్తుంది. టీకా పడని పశువు పాలు వాళ్లు పోయించుకోరు. చెంచమ్మ పేర ఆరు గేదెలున్నాయనీ, మూడింటికి టీకా పడలేదనీ వాళ్ల యంత్రంలో కనిపించింది. మీ పాలలో ఏవి ఏ గేదెవో తేలేదాకా పోయొద్దన్నారు. మూడు ఊళ్లలోనూ ఇంటింటికీ అదే మాట.

చెంచమ్మ పాలకేను పట్టుకుని నాగూర్‌బీ ఇంటికి నడిచి వెళ్లింది. ఆ మాటలు నాకు తరువాత నాగూర్‌బీ చెప్పింది.

"నాకుండయ్యే మూడు బర్రెలు గదమ్మే. ఆరని ఎవరు చెప్పారు?"

"టాబ్‌లో ఆరు ఉన్నయ్ పెద్దమ్మా."

"ఆ మూడూ యాడున్నయ్? వాటి పాలు ఎవరు పితుక్కుంటన్నారు?"

నాగూర్‌బీ ఆ రోజు పగలంతా కూర్చుని రెండో నంబర్లు తీసేయడానికి చూసింది. తీసేసే మీట ఎక్కడా లేదు. పశువు లెక్కలోంచి పోవాలంటే మూడే దారులున్నాయి. చనిపోవాలి, అమ్ముడుపోవాలి, లేదా చోటు మారాలి. కొన్నవాళ్ల పేరు లేకుండా అమ్మడానికి లేదు. చోటు మార్చే అధికారం జిల్లా ఆఫీసుకే ఉంది. ఇక మిగిలింది చావు. చెంచమ్మ రెండో గేదెలు మూడింటినీ చంపేసింది నాగూర్‌బీ. కారణం చెప్పమంది టాబ్. రోగమంటే ఊళ్లో గగ్గోలు పుడుతుంది, పాముకాటంటే మూడింటికీ ఒకేసారి నమ్మరు. పాపం తలకు చుట్టుకోని మాట ఏదా అని వెతికి 'వృద్ధాప్యము' అని నొక్కింది.

టాబ్ లెక్కలో నమోదైన రోజే వాటి పుట్టినరోజని ఆమెకు తట్టలేదు.

మర్నాటికల్లా ఆఫీసుకు అత్యవసర సందేశం. "పుట్టిన ఇరువది రెండు దినములలో మూడు పశువులు వృద్ధాప్యముచే మరణించుటకు గల కారణములు తెలుపుడు." పైగా మూడు రోజుల్లో కళేబరాల ఫోటోలు పెట్టాలి. పెట్టకపోవడంతో నాలుగో రోజు మూడూ మళ్లీ బతికాయి.

విశ్వంభరం గారు నాకు మెమో చెప్పి టైపు చేయించారు. ఆరువందల పన్నెండు పశువులకు టీకాలు వేయక నిర్లక్ష్యము వహించుట ఒక అభియోగం. మూడు లేత పశువులను అకాల వృద్ధాప్యమునకు గురిచేయుట రెండోది. సంజాయిషీ సంతృప్తికరంగా ఉండేవరకు ఆమె ఊళ్లలోకి వెళ్లరాదు, మిగిలిన రెండు ఊళ్ల మందు ఆమెకు ఇవ్వరాదు, అవసరమైతే సస్పెన్షన్. టైపు చేస్తుంటే చేతులు ఆగలేదు. చాలా మెమోలు కొట్టాను నేను. ఎదుటివాళ్ల ముఖం ఎన్నడూ చూడలేదు.

ఈసారి చూడాల్సి వచ్చింది. సంతకం చేయించి తెమ్మని నన్నే పంపారు.

నేను వెళ్లేసరికి నాగూర్‌బీ చెంచమ్మ కొట్టంలో ఉంది. ఒక గేదెకు ఈనే నొప్పులు, దూడ అడ్డం తిరిగింది. భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, కళ్లు మూసుకుని దూడ కాళ్లు వెతుకుతోంది. చెంచమ్మ గేదె మెడ పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. గుంజకు పసుపు బిళ్లలు మూడు వేలాడుతున్నాయి. నేను మెమో పట్టుకుని గడ్డివాము పక్కన నిలబడ్డాను. గంట పట్టింది. దూడ బతికింది. గేదె దాన్ని నాకడం మొదలుపెట్టాక నాగూర్‌బీ చేతులు కడుక్కుని, కాగితం తీసుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది.

"పేరయ్య గారూ, ఇన్నేళ్లుగా ఈ శాఖలో ఉన్నారు. మీరే చెప్పండి. ఈ కొట్టంలో టీకా పడని బర్రె ఏది?"

"రికార్డులో ఉందమ్మా," అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

ఆమె కోప్పడలేదు. "పెద్ద తాడివారిపాలెం, చినగంజాం దొడ్డి రెండూ మిగిలిపోయినయ్ సార్. నాలుగొందల బర్రెలు. మబ్బు పడతంది. నన్ను సస్పెండు చేస్తే చేయండి, మందు మాత్రం ఎవరికో ఒకళ్లకి ఇచ్చి పంపండి." మెమో కింద సంతకం చేసింది. చేతి తడికి సిరా కొంచెం పాకింది.

చెంచమ్మ నా వైపు తిరిగింది. "ఆ ఆఫీసు యాడుందయ్యా?"

చెప్పాను. అదీ మినిట్స్‌లో రాయలేదు.

మర్నాడు సంఘం తొమ్మిదో సమావేశం. బల్ల మీద జీడిపప్పు, బిస్కెట్లు. అయిదో మోడల్ రంగు సముద్రనీలమా, ఆకాశనీలమా అన్న అంశం నడుస్తుండగా చెంచమ్మ పాలకేను పట్టుకుని లోపలికి వచ్చింది. వెనకే నాగూర్‌బీ. బంట్రోతు ఆపబోయాడు గాని, చెంచమ్మను ఆపడం వాడి తరం కాలేదు. బల్ల మీది గాజు గ్లాసుల్లోని మంచినీళ్లు పారబోసి, వరసగా పాలు పోసింది.

"తాగండయ్యా. పొద్దున పితికిన పాలు. వీటిల్లో టీకా ఏసిన బర్రెవి ఏయో, ఏయని బర్రెవి ఏయో మీరు చదువుకున్నోళ్లు, తేల్చండి. తేల్చిందాకా ఈడనే కూర్చుంటా."

ఎవరూ గ్లాసు ముట్టలేదు. ప్రణీత్ ముట్టబోయి విశ్వంభరం గారి ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మా, టీకా పడని పశువుల పాలు సేవించుట నిబంధనలకు విరుద్ధం," అన్నారు విశ్వంభరం గారు.

"ఆ పశువులే లేవు సార్," అంది నాగూర్‌బీ. "రెండో నంబర్లు కొట్టేయండి. రెండు నిమిషాల పని."

"కొట్టేయాలా?" ఆయన చెయ్యి తెలియకుండానే కుర్చీ వీపున వేసిన శాలువా మీదికి వెళ్లింది. "ఆరువందల పన్నెండు పశువులు నా హయాంలో అంతరించిపోయాయని రాష్ట్రానికి చెప్పాలా? విచారణ బృందం రాదూ? అంత్యక్రియలు ఎక్కడ జరిపారని అడగరూ?"

"ఫోటోలు కూడా అడుగుతుంది సార్ సిస్టమ్," అన్నాడు ప్రణీత్.

"చనిపోవడానికి వీల్లేదు. ఉండడానికీ వీల్లేదు. ఈ పరిస్థితిపై ఒక ఉపసంఘం..."

చెంచమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాగూర్‌బీ ఆకాశం చూస్తోంది. దూరంగా ఉరిమింది. ముందురోజు ఆ కొట్టంలో నేను అన్న మాట నా చెవుల్లోనే ఉంది. ఇరవై మూడేళ్లలో మొదటిసారి నేను రాయడం ఆపి మాట్లాడాను.

"సార్, అవి వలస వెళ్లవచ్చు."

అందరూ నా వైపు తిరిగారు.

"మేత కొరత వల్ల పశువులు పొరుగు జిల్లాకు తరలినట్టు బదిలీ పత్రం ఉంది సార్, పదకొండో నంబరు ఫారం. మనం పంపినట్టు రాస్తే చాలు. చావులుండవు. పుట్టుకలు మన ఖాతాలోనే ఉంటాయి."

విశ్వంభరం గారు లేచి నిలబడ్డారు. నన్ను ఆయన అంత ప్రేమగా చూడడం అదే మొదలు.

"వారు స్వీకరిస్తారా?"

"వాళ్ల పశువుల లెక్క ఈ ఏడు తగ్గిందట సార్. సంజాయిషీ అడిగారని విన్నాను."

స్వీకరించారు. రెండు రోజుల్లో పొరుగు జిల్లా నుంచి రసీదు వచ్చింది. "మీరు పంపిన ఆరువందల పన్నెండు పశువులు క్షేమముగా చేరినవి. ప్రయాణమున కొంత అలసినవి." ఆ రెండో వాక్యం ఎవరు రాశారో గాని, వృత్తిలో నాకంటే పెద్దవాడు.

ఆ సాయంత్రానికే చెంచమ్మ పేర మూడు గేదెలు మిగిలాయి, పాల కేంద్రం పాలు పోయించుకుంది. పశువులే లేనప్పుడు వాటి మీద నిర్లక్ష్యం నిలవదు కాబట్టి నాగూర్‌బీ మెమో దస్త్రం మూసేశాం. మందు పెట్టె నేనే సంతకం చేసి ఆమె చేతికిచ్చాను. సంఘం తుది నివేదిక నూట నలభై పేజీలు. పశుసంపదను రెట్టింపు చేయగల సామర్థ్యం, వలసలను సజావుగా నిర్వహించగల సామర్థ్యం రెండూ రుజువైనందున అయిదవ మోడల్‌కు మారుట అత్యావశ్యకమని అందులో తేల్చాం. ఎంతసేపు పట్టింది అన్న గడిలో మాత్రం ఒక్క అంకె కూడా లేదు. ఆ గడి గురించి ఎవరూ అడగలేదు.

పెద్ద తాడివారిపాలెంలో టీకాలు జరుగుతున్న రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇంట్లో చెప్పలేదు. పేర్లు నేను కాగితం మీద రాస్తుంటే నాగూర్‌బీ టీకాలు వేసుకుంటూ పోయింది. చినుకులు మొదలయ్యేసరికి ఇంకా ముప్ఫై గేదెలున్నాయి. ఒక అరుగు మీదికి చేరాం. అప్పుడే ఆమె ఫోను మోగింది. పొరుగు జిల్లా సహాయకుడట, పేరు బాజీ. వానచప్పుడుకు స్పీకరు పెట్టింది.

"అక్కా, మీ దగ్గర్నుంచి ఆరొందల పైచిలుకు బర్రెలు మా మండలానికి వచ్చినయ్ అంట. వాటిని వెతికి టీకాలు ఏయమంటన్నారు. నాలుగు రోజుల్నుంచి తిరుగుతన్నా. ఒక్కటీ కనపడలా."

"ఎన్నో మోడల్ తమ్ముడూ నీ టాబ్?"

"నాలుగోదక్కా. అయిదోదానికి మారదామా అని మా సారు నిన్ననే అడిగాడు. ఆలోచించి చెప్తా అన్నా."

నాగూర్‌బీ ఐసు పెట్టె మూత బిగించి, లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"ఇప్పుడే ఫోన్ చేసి 'చాలా బాగుంది సార్, మారదాం' అని చెప్పెయ్. మీ సారుని ఆలోచించనియ్యమాక తమ్ముడూ. వాళ్లు ఆలోచిస్తే బర్రెలు పుడతయ్."